సంతకం పెట్టిన ఉరుము

పూజ్యులైన బాబాయి గారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీరూ పిన్నీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇంత మర్యాదగా మొదలుపెట్టానంటే ఏదో పని పడి ఉంటుందని పిన్ని ఈపాటికి అనేసే ఉంటుంది. అవును, పడింది. ఫోన్ చేద్దామంటే మీరు ఎత్తరు. పిన్ని ఎత్తినా, "ఏదైనా కాగితం మీద పెట్టమను" అని వెనక నుంచి మీ గొంతు వినబడుతుంది. అందుకే పెడుతున్నాను.

నేనో పుస్తకం రాశాను బాబాయ్. చిన్న తరగతుల పిల్లలకి వాతావరణం గురించి కథలాగా చెప్పే పుస్తకం. పేరు "బొద్దుమబ్బు బయల్దేరింది". సముద్రం మీద పుట్టిన ఓ మబ్బు కడుపునిండా నీళ్ళు తాగి, గాలితో స్నేహం చేసి, కొండను గుద్దుకుని, పెద్దగా ఉరిమి, చివరికి ఓ బడి మీద వానై కురుస్తుంది. బొమ్మలాయన బొమ్మలు కూడా వేసేశాడు. అచ్చుకి ముందు ప్రతి ఒకటి దీంతో పంపుతున్నాను, బొద్దుమబ్బుకి బుగ్గలు ఎంత ముద్దొస్తున్నాయో చూడండి.

ఎడిటరమ్మ ఒక్క మెలిక పెట్టింది. బళ్ళకి వెళ్ళే పుస్తకం కాబట్టి, ఇందులో చెప్పినవి సరైనవేనని వాతావరణ ఆఫీసులో పని చేసినవాళ్ళెవరైనా సంతకం పెట్టి రాసివ్వాలట. "మా బాబాయి ఉన్నారుగా! రేడియోలో చదివే వాతావరణ సూచన రిటైరయ్యేదాకా ఆయనే రాశారు" అని గొప్పగా చెప్పేశాను.

అసలు సంగతి మా అమ్మాయి. దానికి పిడుగు అని పేరు పెట్టింది మీరే. పగలంతా ఇల్లు పీకి పందిరి వేస్తుంది. ఒక్క ఉరుము ఉరిమితే మాత్రం చెవులు మూసుకుని భోజనాల బల్ల కింద దూరుతుంది. మబ్బు పట్టిందంటే బడికి పోనంటుంది. కిందటి వానాకాలం సగం ఆ బల్ల కిందే గడిచింది. నాకు భయంగా ఉంది బాబాయ్. బడులు తెరిచేలోపు ఈ పుస్తకం దాని చేతిలో పెట్టాలి.

ఇట్లు,
మీ అమ్మలు

తా.క.: చదివి సంతకం పెట్టడమే మీ పని. కాఫీ తాగినంతసేపు పట్టదు.

———

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరంతా క్షేమంగా ఉండే అవకాశాలు మెండుగా ఉన్నాయని తలుస్తాను.

పుస్తకం అందింది. మొదటి పేజీ పూర్తి చేశాను.

"ఆ రోజు సూర్యుడు నవ్వాడు" అని మొదలుపెట్టావు. ఎంతసేపు నవ్వాడు? మా ఆఫీసు డాబా మీద ఓ గాజు గుండు ఉండేది. దాని వెనక అట్టముక్క పెడితే ఎండ కాసినంతసేపూ దాని మీద గీతలా కాలేది. సాయంత్రం ఆ గీత కొలిచి ఎండ ఎంతసేపు కాసిందో రాసేవాళ్ళం. నవ్వును కొలిచే సాధనం నా సర్వీసులో ఎక్కడా చూడలేదు.

"బొద్దుమబ్బు కడుపునిండా నీళ్ళు తాగింది" అన్నావు. నీటి ఆవిరి పైకి పోయి చల్లబడితే ఆ సన్నని నీటి బొట్లనే మబ్బంటారు. అంటే తాగిందీ అదే, తాగబడిందీ అదే. తనని తాను తాగేయడం పిల్లలకి నేర్పదగిన పనేనా?

పుస్తకం చివర ఎలా ఉందో అని తిరగేస్తే "వాన కురిసింది" అని కనబడింది. అంత తెగేసి చెప్పేస్తే ఎలా అమ్మలూ? "ఒకటి రెండు చోట్ల ఓ మోస్తరు జల్లులు కురిసే అవకాశం ఉంది" అను. నీకూ మంచిది, నాకూ మంచిది.

మా ఆఫీసులో ఒక రూలుండేది. బులెటిన్ మీద సంతకం పెట్టినవాడే మర్నాడు పొద్దున ఫోన్ ఎత్తాలి. వడగళ్ళు పడి కారు అద్దం పగిలిన ఒకాయన ఫోన్‌లో నాకు నేర్పిన మాటలు ఈ ఉత్తరంలో రాయలేను. నేను ఫోనంటే పారిపోయేది ఊరికే కాదు.

కాబట్టి సంతకం పెట్టే ముందు ఒక్క సంగతి తెలియాలి. ఈ కథ ఏ రోజున జరిగింది?

ఆశీస్సులతో,
బాబాయి

తా.క.: ఏడో పేజీలో గాలి మబ్బును కొండ వైపు తోస్తోంది. బడి మీద జెండా మాత్రం సముద్రం వైపు ఎగురుతోంది. ఏదో ఒకటి తిప్పించు.

మరో తా.క.: పుస్తకం బాగుందా అని పిన్ని అడిగింది. కొన్ని చోట్ల బాగుండే సూచనలు కనబడుతున్నాయన్నాను. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

———

బాబాయి గారికి,

నమస్కారాలు. ఈసారి కాస్త గట్టిగా పెడుతున్నాను, వినబడే ఉంటుంది.

అది కథ బాబాయ్! కథ ఏ రోజున జరిగిందని ఎవరైనా అడుగుతారా? ఒకానొక రోజున జరిగింది. మబ్బుకి బుగ్గలున్నాయి, గాలి మాట్లాడుతుంది, సూర్యుడు నవ్వుతాడు. ఇవన్నీ అబద్ధాలని పిల్లలకీ తెలుసు. మధ్యలో ఉన్న నాలుగు నిజాలు వాళ్ళ బుర్రలోకి వెళ్ళడానికే ఇంత తిప్పలు. ఆవిరి పైకెళ్తుందా? వెళ్తుంది. చల్లబడి మబ్బవుతుందా? అవుతుంది. ఉరుము ఉత్త చప్పుడేనా? చప్పుడే. ఈ మాత్రం రాసివ్వడానికి రోజుతో పనేమిటి?

"అవకాశం ఉంది" అని ముగిస్తే ఆ పిల్లలు రాత్రికి నిద్రపోతారా? వాన కోసం పుస్తకమంతా ఎదురుచూసిన పిల్లకి, చివర్లో వాన పడిందో లేదో చెప్పని కథ చదివి వినిపించమంటారా?

ఎడిటరమ్మ రోజూ అడుగుతోంది. బాబాయి గారు పెద్దవారు, నిదానంగా చదువుతున్నారని కోస్తున్నాను. మీరు చదివింది ఒక్క పేజీ అని తెలిస్తే నా పరువు గంగలో కలుస్తుంది.

రోజు లేనిదే మీ చెయ్యి కదలదంటారా? సరే. మా పిడుగు మొదటిసారి బడికెళ్ళిన రోజనుకోండి. ఇప్పుడైనా సంతకం పెట్టి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
మీ అమ్మలు

తా.క.: ఆ రోజు ఏదో ఊరికే అన్నాను. మీరు దాన్ని పట్టుకుని ఎక్కడికీ వెళ్ళకండి.

———

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీర్వదించి రాయునది.

వెళ్ళొచ్చాను.

మా పాత ఆఫీసులో ఇప్పుడున్న కుర్రాళ్ళు నన్ను చూసి లేచి నిలబడ్డారు. కాఫీ కూడా ఇచ్చారు. నువ్వు చెప్పిన రోజు తాలూకు రికార్డు తీయించి మీ ఊరి వరకు చూశాను. విచారకరమైన విషయమేమిటంటే, ఆ రోజు సూర్యుడు నవ్వలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆకాశమంతా దుప్పటి కప్పినట్టు ఒకటే మబ్బు. దానికి అంచుల్లేవు, కాబట్టి బుగ్గలుండే ప్రసక్తే లేదు. పడింది ఉత్త తుంపర. ఉరుము అసలు వినబడనే లేదు.

నువ్వు పనుల్లో మునిగి ఉన్నావు కదా, నీకెందుకు శ్రమ అని బొమ్మలాయనకి నేనే నేరుగా ఉత్తరం రాశాను. పుస్తకం వెనక ఆయన చిరునామా ఉంది. ఆ రోజు ఆకాశం ఎలా ఉందో వివరంగా చెప్పాను. చాలా మంచి మనిషి. వెంటనే జవాబు రాశాడు. "మీవంటి వారు చెప్పాక ఇంక తిరుగేముంది, ఈ వారంలోనే మార్చేస్తాను" అన్నాడు.

కథలో కూడా చిన్న చిన్న మార్పులు చేశాను. నీ మాటలు నీకే ఉంచి, నా మాటలు పక్కన ఎర్ర సిరాతో రాశాను. ఉరుమున్న పేజీలు రెండూ కొట్టేశాను. వినబడని ఉరుము గురించి సంతకం పెట్టలేను కదా. మన పిడుగు భయం కూడా దాంతో తీరే అవకాశం ఉంది.

ఆశీస్సులతో,
బాబాయి

తా.క.: జెండా గురించి బొమ్మలాయనకి రాయడం మరిచాను. నువ్వు చెప్పు.

———

బాబాయి గారికి,

నమస్కారం. ఒకటే.

బొమ్మలాయన కొత్త బొమ్మలు పట్టుకుని పొద్దున్నే వచ్చాడు. మొదటి పేజీ తీశాను, బూడిదరంగు. రెండో పేజీ, బూడిదరంగు. మూడో పేజీలో కింద మూలగా చిన్న కొండ, పైనంతా బూడిదరంగు. "బొద్దుమబ్బు ఏదయ్యా?" అంటే, "ఇదంతా ఆవిడేనండి" అని పేజీ అంతా చెయ్యి తిప్పి చూపించాడు. మీ బాబాయి గారు అంచులు వద్దన్నారండి అన్నాడు. ఒకే రంగు డబ్బాతో పుస్తకం అయిపోయిందని మనిషి తెగ సంబరపడిపోతున్నాడు. ఇకముందు కూడా అన్నిటికీ మీ బాబాయి గారి సలహా తీసుకుందామండి అన్నాడు. నాకు ఒళ్ళు మండి పాత బొమ్మలు మళ్ళీ పట్టుకురమ్మని తరిమేశాను.

ఉరుము కొట్టేస్తారా? ఈ పుస్తకం రాసిందే ఆ ఉరుము కోసం కదా! ఉరుము లేని పుస్తకం చదివితే ఉరుమంటే భయం పోతుందా? పుస్తకంలో కొట్టేస్తే ఆకాశంలో ఆగుతుందా? మీకేదైనా చెప్పేసరికి తల ప్రాణం తోకకొస్తోంది బాబాయ్.

ఎడిటరమ్మ కూడా తెగేసి చెప్పింది. ఈ సోమవారంలోగా సంతకం పెట్టిన కాగితం రాకపోతే ఈ ఏడాదికి నా పుస్తకం లేదట. ఆ స్థానంలో పళ్ళు తోముకోవడం గురించిన పుస్తకం వేస్తారట. దాని మీద పళ్ళ డాక్టరు పోయిన నెలే సంతకం పెట్టేశాడట. అదృష్టవంతులు. వాళ్ళకి బాబాయిలు లేరు.

దయచేసి బొమ్మలాయనకి రాయకండి. ఎర్ర సిరా ముట్టుకోకండి. పుస్తకం సరిగ్గా ఉందని రెండు ముక్కలు రాసి పంపండి, చాలు.

ఇట్లు,
ఇప్పటికింకా మీ అమ్మలే

తా.క.: కొత్త బొమ్మలు చూసి పిడుగు, "అమ్మా, ఈ పుస్తకంలో కరెంటు పోయిందా?" అంది.

———

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరంలో సాధారణం కంటే ఎక్కువ వేడి నమోదైంది. పెద్దవాణ్ణి, అర్థం చేసుకోగలను. అడిగిన కాగితం జతపరిచాను. సోమవారం లోపు అందుతుంది. నిజానికి అందే అవకాశం ఉంది.

"ఈ పుస్తకంలోని విషయాలు చాలా వరకు సరైనవి అయ్యే అవకాశం ఉంది. ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి ఓ మోస్తరు పొరపాట్లు సంభవించవచ్చు. పాఠకులు తగిన జాగ్రత్తలు తీసుకోగలరు."

ఇంతకంటే గట్టిగా నా జన్మలో ఏ కాగితం మీదా రాయలేదు. నీ కోసం రాశాను.

ఆశీస్సులతో,
బాబాయి

తా.క.: కింద సంతకం పెట్టలేదని కంగారుపడకు. ఆ జాగా కావాలనే వదిలాను. ఇంకోసారి ఆలోచించుకుంటాను.

———

బాబాయికి,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు.

ఎడిటరమ్మ మీ కాగితం పైకి చదివింది. "పాఠకులు తగిన జాగ్రత్తలు తీసుకోగలరు" దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి నా మొహంలోకి చూసింది. "ఇది పిల్లల పుస్తకమా, తుఫాను హెచ్చరికా?" అంది. ఆ గదిలో అందరూ నవ్వారు. బొమ్మలాయన అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

పోనివ్వండి. నేను పుస్తకం వెనక్కి తీసుకుంటాను. మిమ్మల్ని అడగడం నాదే బుద్ధితక్కువ. మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి. నేనైతే పెట్టుకుంటాను.

ఒక్కటే బాధ. పాత బొమ్మలతో ఉన్న కాగితాలే పట్టుకుని నిన్న పిడుగుకి కథ చదివి వినిపించాను. బొద్దుమబ్బు కొండను గుద్దుకుంటే పకపకా నవ్వింది. ఉరుము పేజీ రాగానే నా చెయ్యి పట్టేసుకుంది. "ఇది ఉత్త చప్పుడే తల్లీ, ఏమీ చెయ్యదు" అన్నాను. అది నా వంక చూసి, "ఇది నువ్వు రాసిందేగా అమ్మా?" అంది. పేజీ తిప్పేశాను.

ఇట్లు,
అమ్మలు

తా.క.: పిడుగు మీకేదో రాయాలంటే కాగితం ఇచ్చాను. కింద గీసినవి దాని అక్షరాలే.

చిన్న తాతయ్యా, ఉరుము నన్ను ఏమైనా చేస్తుందా. అమ్మ చెయ్యదంది. కాని అమ్మ కథలు రాస్తుంది. నువ్వు చెప్పు.

———

చిరంజీవి పిడుగుకి చిన్న తాతయ్య రాయునది.

చెయ్యదు.

ఉరుమంటే చప్పుడు. మెరుపు మెరిసినప్పుడు దాని చుట్టూ ఉన్న గాలి ఒక్కసారిగా వేడెక్కి ఉబ్బుతుంది. అప్పుడు పుట్టే చప్పుడే ఉరుము. చప్పుడు కరవదు, కొట్టదు, బల్ల కింద ఎవరున్నారా అని వెతకదు. జాగ్రత్తగా ఉండాల్సింది మెరుపుతో. ఉరుము వినబడగానే ఆట ఆపేసి ఇంట్లోకో బళ్ళోకో వచ్చెయ్యాలి. చెట్టు కింద నిలబడకూడదు. లోపలికి వచ్చేశాక అది ఎంత పెద్దగా ఉరిమినా నిన్నేం చెయ్యదు.

ఇందులో "అవకాశం" లేదు. "ఒకటి రెండు చోట్ల" లేదు. కింద నా సంతకం ఉంది చూడు. సంతకం పెట్టినవాడే ఫోన్ ఎత్తాలని మా ఆఫీసు రూలు. ఉరిమినప్పుడు నీకు భయమేస్తే అమ్మ సెల్ తీసుకుని నాకు చెయ్యి. నా సెల్ నంబరు సంతకం కింద పెద్ద అంకెల్లో రాశాను. నేనే ఎత్తుతాను.

ఇట్లు,
నీ చిన్న తాతయ్య
(సంతకం, నంబరు)

అమ్మలూ, ఈ కింది ముక్క నీకు. ఎడిటరమ్మ కోసం ఇంకో కాగితం రాద్దామని కూర్చున్నాను. రాసినవన్నీ చింపేశాను. నేను ధైర్యంగా సంతకం పెట్టగలిగింది పై ఉత్తరం మీదే. దాన్నే ఆవిడకి చూపించు. నీ ఉరుము పేజీలు రెండూ మళ్ళీ చదివాను. తప్పు లేదు. నేనే కథను వాతావరణ సూచన చదివినట్టు చదివాను. మబ్బుకి బుగ్గలుండనీ.

బాబాయి

తా.క.: జెండా మాత్రం తిప్పించు.

మరో తా.క.: ఇది పిన్ని రాయునది. మీ బాబాయి "చెయ్యదు" అని రాసి, ఆ ఒక్క మాటనే చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. కాఫీ ఇస్తే "బాగుంది" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట వినడం ఇదే మొదటిసారి. నాకు చెమటలు పట్టాయి.

———

పరమ పూజ్యులైన బాబాయి గారికి,

లెక్కలేనన్ని నమస్కారాలు. పాత బాకీలు కూడా ఇందులోనే జమ కట్టుకోండి.

పుస్తకం వచ్చేసింది! బొద్దుమబ్బు బుగ్గలతో సహా వచ్చింది. ఎడిటరమ్మ మీ ఉత్తరం చదివి కళ్ళజోడు మళ్ళీ తీసింది. ఈసారి కళ్ళు తుడుచుకోవడానికి. "ఇంతకంటే మంచి ధ్రువపత్రం ఏ ఆఫీసూ ఇవ్వలేదు" అని, సోమవారం గడువు కూడా పక్కన పెట్టి, పిడుగుకి మీరు రాసిన ఉత్తరాన్ని మీ చేతిరాతతో, ఒక్క అక్షరం మార్చకుండా, ఉన్నది ఉన్నట్టు పుస్తకం చివరి పేజీలో అచ్చువేయించింది. మా ఊళ్ళోనే కాదు, మీ వైపు బళ్ళకి కూడా పంపించారట.

నిన్న సాయంత్రం ఇక్కడ ఉరిమింది. పిడుగు బల్ల కిందికే దూరింది. అయితే ఈసారి పుస్తకం, నా సెల్ రెండూ పట్టుకెళ్ళింది. ఆ తర్వాత మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మీకే తెలియాలి. నేను వంటింట్లో నిలబడి వింటున్నాను. బల్ల కింద నుంచి నవ్వు వినబడింది బాబాయ్. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. ఇవాళ మబ్బు పట్టినా గొడుగు తీసుకుని తనే ముందు బయల్దేరింది.

ఇన్నాళ్ళూ మీ మీద విసుక్కున్నవన్నీ మరిచిపోండి.

ఇట్లు,
ఎప్పటికీ మీ అమ్మలు

తా.క.: బడి నుంచి వచ్చాక హోంవర్క్ చేశావా అంటే, "కొన్ని చోట్ల చేసే అవకాశం ఉంది" అంది. ఫోన్‌లో దానికింకేం నేర్పారు?

———

చిరంజీవి అమ్మలుకి బాబాయి కోపంతో ఆశీర్వదించి రాయునది.

నా ఉత్తరం ఉన్నది ఉన్నట్టు అచ్చువేశామన్నావు. చాలా సంతోషం. ఆ ఉన్నదాంట్లో నా సెల్ నంబరు కూడా ఉందని నువ్వు, ఎడిటరమ్మ, బొమ్మలాయన, ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదా?

రెండు రోజులుగా ఈ ఫోన్ నా ప్రాణాలు తోడేస్తోంది. ఎత్తగానే, "సంతకం తాతయ్యేనా?" అని అడుగుతున్నారు. ఒకమ్మాయి మబ్బులు రాత్రిపూట ఎక్కడ పడుకుంటాయంది. ఇంకొకడు మాట్లాడకుండా ఊపిరి మాత్రమే వినిపించాడు. ఉరుము ఆగేదాకా నేనూ అలాగే ఊపిరి వినిపిస్తూ కూర్చున్నాను. తర్వాత థాంక్సండి అని పెట్టేశాడు. మరో ఘనుడు, "రేపు వాన పడి బడికి సెలవిస్తారా?" అన్నాడు. పడే అవకాశం ఉందన్నాను. "అలా కాదు, సంతకం పెట్టి చెప్పండి" అన్నాడు! నా మొత్తం సర్వీసులో ఏ పై అధికారీ నన్నలా నిలదీయలేదు.

వీళ్ళందరూ ఒక ఎత్తు, నిన్నటి పిల్ల ఒక ఎత్తు. పలకరింపు కూడా లేకుండా, "ఏడో పేజీలో గాలి ఇటు, జెండా అటు, ఇంత తప్పు పెట్టుకుని సంతకం ఎలా పెట్టారు?" అంది. ఏమని చెప్పను? ఎన్నిసార్లు రాశాను నీకు? ఈ వయసులో ఒకటో తరగతి పిల్లకి క్షమాపణ చెప్పుకున్నాను.

ఎడిటరమ్మ పాపం ఎలాగో లైను దొరకబుచ్చుకుని ఫోన్ చేసింది. పొరపాటైపోయింది, మిగిలిన పుస్తకాల్లో నంబరు మీద కాగితం అంటిస్తామంది. నేను గట్టిగానే మాట్లాడాను. ఏం మాట్లాడానో ఆవిడే చెబుతుంది. పిన్ని పక్కనే నిలబడి విని, నాకు కాఫీ తేవడానికి వెళ్ళింది.

ఆశీస్సులతో,
బాబాయి

తా.క.: ఆ కాగితం అంటించవద్దని చెప్పాను. నువ్వు కూడా ఒకసారి గట్టిగా చెప్పు. ఇక్కడ ఇప్పుడే ఉరిమింది. ఉంటాను, ఫోన్ మోగుతోంది.